పోపులపెట్టెలో రెండు చీటీలు

అనగనగా ఒక రాజ్యం. మరీ అంత పాతకాలం నాటిది కాదు లెండి. రాజుగారి నెత్తిన కిరీటమూ ఉండేది, సింహాసనం పైన కరెంటు బల్బూ వెలిగేది. ఆ రాజ్యం పేరు నీలగుట్ట. అక్కడ ఇంటింటికీ కరెంటు ఇచ్చేది దీపాల కచేరీ. ప్రతి పున్నమికీ బిల్లు వచ్చేది, అమావాస్యలోగా కట్టాలి. కట్టకపోతే కచేరీ బంట్రోతు వచ్చి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుపోయేవాడు.

నీలగుట్టలో నేతవీధి అని ఒక వీధి. అందులో చౌడమ్మ అనే నేతగత్తె, ముసలి అత్తగారు లక్కమ్మతో కలిసి ఉండేది. ఒకప్పుడు లక్కమ్మ రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టి ఇస్తే, చౌడమ్మ చీర నేసేది. లక్కమ్మ చెయ్యి పడిపోయాక ఆ పనికి చిన్న మోటారు కొన్నారు. మోటారు తిరిగితేనే కండె, కండె ఉంటేనే మగ్గం, మగ్గం ఆడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ ఇంటికి నెలకి నూరు యూనిట్లు కాలేది. ఒకటో రెండో అటూ ఇటూ. అలాంటిది చైత్ర పున్నమికి వచ్చిన బిల్లులో మూడే యూనిట్లు ఉన్నాయి.

ఎదురింటి వీరభద్రప్ప ఆ కాగితం చూసి కనుబొమ్మలెగరేశాడు. "అదృష్టమంటే నీదే చౌడమ్మా! చప్పుడు చెయ్యకుండా కట్టేసి రా" అన్నాడు.

"నెలంతా మోటారు తిరిగె. మూడు యూనిట్లేందన్నా? మీటరుకి ఏందో అయింది" అంటూ చౌడమ్మ చెప్పులేసుకుని కచేరీకి బయల్దేరింది.

అక్కడి గుమాస్తా కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇరవై ఏళ్ళ నౌకరీలో, బిల్లు తక్కువొచ్చిందని గోల పెట్టే మనిషిని ఇదే చూడ్డం. ఇంటికి పో తల్లీ!"

"పోతా సామీ. నేనొచ్చి చెప్పినట్టు చీటీ రాసి, ముద్రేసి ఇయ్యి. అప్పుడు పోతా" అంది చౌడమ్మ.

ఆమె కదిలేలా లేదని గుమాస్తా చీటీ రాసి, ముద్ర గుద్ది ఇచ్చాడు. చౌడమ్మ దాన్ని మడిచి పోపులపెట్టెలో దాచింది. మీటరు చూడ్డానికి మాత్రం ఎవ్వరూ రాలేదు.

వైశాఖ పున్నమికి ఐదు యూనిట్లు వచ్చాయి. చౌడమ్మ మళ్ళీ వెళ్ళింది. గుమాస్తా మళ్ళీ నవ్వాడు, మళ్ళీ ముద్ర గుద్దాడు. పోపులపెట్టెలో ఆవాల పక్కన రెండో చీటీ చేరింది.

జ్యేష్ఠ పున్నమికి వచ్చింది అసలు బిల్లు. అది మూరెడు పొడవుంది. వాడకం, సర్దుబాటు, పాత సర్దుబాటు, సర్దుబాటు మీద సర్దుబాటు అంటూ వరసలకు వరసలు. తలాతోకా తెలియలేదు గానీ, అడుగున తొమ్మిది వేల యూనిట్లని మాత్రం లావుగా రాసి ఉంది. ఏడాది పొడుగునా నేసిన చీరలన్నీ అమ్మినా ఆ డబ్బు చాలదు.

లోపల మంచం మీంచి లక్కమ్మ, "నా చెయ్యి పడిపోబట్టే కదా ఆ మోటారు. నీ కొంప ముంచితినే అమ్మీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నువ్వేం చేస్తివి అత్తా, ఊరుకో" అంటూ చౌడమ్మ బిల్లునూ, రెండు చీటీలనూ కొంగున ముడేసుకుని కచేరీకి వెళ్ళింది.

గుమాస్తా ఈసారి నవ్వలేదు, చీటీల వంక చూడనూ లేదు. "మీటరు అబద్ధం చెప్పదు. అమావాస్యలోగా కట్టు, లేకపోతే ఫ్యూజు ఉండదు" అన్నాడు.

గుమాస్తా పైన దీపాధికారి ఉన్నాడు. చౌడమ్మ ఆయన దగ్గరికి పోయింది. ఆయన బిల్లును పైనుంచి కిందికి చదివాడు, కిందినుంచి పైకి చదివాడు. ఆయనకీ ఏమీ బోధపడలేదు. ఆ మాట ఒప్పుకుంటే అధికారి ఎలా అవుతాడు? "అంతా సక్రమంగానే ఉంది" అని కాగితం తిరిగి ఇచ్చేశాడు.

ఇక మిగిలింది రాజుగారే. అమావాస్య రేపనగా చౌడమ్మ సభలో నిలబడింది.

రత్నకేతు మహారాజు ఆమె చెప్పిందంతా విని దీపాధికారిని పిలిపించాడు. దీపాధికారి పాత పుస్తకాలు తిరగేసి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ! అంతకు ముందు రెండు నెలలూ ఈమెకు వచ్చినవి మూడూ ఐదూ యూనిట్లే. అంటే మీటరును ఏదో చేసి కరెంటు దొంగిలించింది. ఇప్పుడది బెడిసికొట్టింది. బిల్లు కట్టించడమే కాదు, శిక్ష కూడా వెయ్యాలి."

సభలో గుసగుసలు లేచాయి. చౌడమ్మ కొంగుముడి విప్పి రెండు చీటీలు తీసి ఇచ్చింది. మంత్రి వాటిని అందుకుని చదివాడు.

"'నేతవీధి చౌడమ్మ తన బిల్లు తక్కువ వచ్చినదనియు, మీటరు చూడవలెననియు చెప్పినది.' రెండింటి మీదా కచేరీ ముద్రే ఉంది ప్రభూ. పోపు వాసన కూడా వస్తోంది."

రాజు పకపకా నవ్వాడు. "దీపాధికారీ! తన దొంగతనం మీద తానే ఫిర్యాదు చేసి, ముద్ర వేయించుకుపోయిన దొంగను ఎక్కడైనా చూశావా?" అని, చౌడమ్మ వైపు తిరిగాడు. "నీ మాట నమ్మాను తల్లీ. మరి మీటరుదే తప్పని తేల్చేదెలా?"

"రేపు అమాస మారాజా. అమాస నాడు మా వీధిలో ఎవ్వరం మగ్గం మీద చెయ్యి పెట్టం, మోటారు తిప్పం. చౌడేశ్వరమ్మకి పూజ చేసుకుని ఊరకుంటాం. తమరొచ్చి ఒక్క చూపు చూడండి."

మర్నాడు పొద్దున్నే రాజు వచ్చాడు. వీధి మొత్తం మీద ఒక్క మగ్గమూ ఆడటం లేదు. అందరూ చూస్తుండగా చౌడమ్మ మెయిన్ స్విచ్ దించేసింది. ఇంట్లో వెలుగుతున్న ఒక్క బల్బూ ఆరిపోయింది. మీటరులో చక్రం మాత్రం తిరనాళ్ళలో రంగులరాట్నంలా గిర్రున తిరుగుతూనే ఉంది.

"గాలికేమో ప్రభూ" అన్నాడు దీపాధికారి సన్నగా.

మీటరుకి అద్దం బిగించి ఉంది. వీధి పిల్లలు కూడా నవ్వారు.

"ఈ బిల్లు కొట్టేశాను" అన్నాడు రాజు. "మూడు నెలలకీ నూరేసి యూనిట్ల చొప్పున కట్టించుకోండి. ఇకమీదట ఫిర్యాదు అందిన మూడు రోజుల్లో మీటరు చూడకపోతే, ఆ బిల్లు దీపాధికారే కట్టుకోవాలి."

ఫ్యూజు పీకడానికి వచ్చిన బంట్రోతు చేతే కొత్త మీటరు బిగించారు. చౌడమ్మకి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. లోపలికి పరుగెత్తి, "మోటారు మనతోనే ఉంటాది అత్తా" అని లక్కమ్మ చెయ్యి పట్టుకుంది. మర్నాడు తెల్లారగానే ఆ ఇంటి మగ్గం చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

ఆ మధ్యాహ్నం వీరభద్రప్ప మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మూడు బిల్లులున్నాయి. మూడింటిలోనూ నాలుగేసి యూనిట్లే. పాపం, ఆయనకి రెండు రోజులుగా నిద్ర లేదు.

"చౌడమ్మా, ఆ చీటీ ఎట్లా రాయించుకోవాలో రవ్వంత చెప్తావా?"

"పదన్నా, కచేరీ మూసేలోపల పోదాం" అంటూ చౌడమ్మ మగ్గం దిగింది.

విన్నారుగా పిల్లలూ! తనకు లాభం కలిగినప్పుడు నిజం చెప్పినవారి మాటనే, నష్టం కలిగినప్పుడు లోకం నమ్ముతుంది.