గాజుల మకరందుడూ రెండు మాటల చిలకా

చాలా కాలం కిందట, ఎంత కాలం కిందటంటే మీ తాతకి తాత కూడా ఇంకొకరి ఒళ్లో పడుకుని ఊఁ కొట్టిన కాలంలో, సముద్రం ఒడ్డున రత్నకూటం అని ఒక రాజ్యం ఉండేది. దానికి మహీధరవర్మ రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, గుర్రం ఎక్కితే దిగడు. రెండోవాడు బలకేతుడు, కత్తి పడితే వదలడు. మూడోవాడు మకరందుడు. అతనికీ గుర్రం ఎక్కడం వచ్చు, కత్తి తిప్పడం వచ్చు. కాకపోతే పట్టు పరికిణీ కట్టుకుని ఎక్కేవాడు, చేతినిండా గాజులు వేసుకుని తిప్పేవాడు.

చిన్నప్పుడు అది అందరికీ ముద్దుగానే ఉండేది. తల్లి ఉన్నన్నాళ్లు ఆవిడే జడ వేసి పూలు పెట్టేది, దగ్గర కూర్చోబెట్టుకుని కుట్టు నేర్పేది. ఆవిడ పోయాక మకరందుడు తన జడ తనే వేసుకున్నాడు, తన బట్టలు తనే కుట్టుకున్నాడు. మీసం వచ్చింది. అయినా పరికిణీ మానలేదు, పూలూ మానలేదు.

అప్పుడు మంత్రి రాజు దగ్గరికి వచ్చాడు. "ప్రభూ, పెద్దవాళ్ల సంగతి వేరు. ఊళ్లో పసిపిల్లలున్నారు. చూసింది చూసినట్టు చేస్తారు. రేపు మగపిల్లలంతా గాజులు కావాలని కూర్చుంటే సైన్యంలోకి ఎవరొస్తారు?" అన్నాడు.

రాజు చెడ్డవాడు కాదు. కొడుకుని కొట్టలేదు, వెళ్లగొట్టలేదు. అతని గుర్రం మెడకి ఒక కంచుగంట కట్టించాడు. గంట వినపడగానే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకోవాలని ఊళ్లో దండోరా వేయించాడు.

ఆ రోజునుంచి మకరందుడు ఏ వీధికి వెళ్లినా మూసిన తలుపులే కనపడేవి. ఊళ్లో పిల్లలు ఎలా ఉంటారో అతనికి తెలీదు. అతను ఎలా ఉంటాడో వాళ్లకి తెలీదు. గంటకి కొన్నాళ్లకి అలవాటు పడ్డాడు. తలుపులకి మాత్రం అలవాటు పడలేదు. ఇంట్లో పెద్దన్నగారి కూతురు మందారిక ఉండేది. ముందుపన్ను ఊడిన పిల్ల. అది ఒక్కటే తెర కిందనుంచి తల పెట్టి, "బాబాయ్!" అని పిలిచి, దాసీలు వచ్చేలోపు పారిపోయేది.

ఇలా ఉండగా ఒక ఉదయం రేవులోకి ఓడ వచ్చింది. అందులోంచి ఒక పెద్దమనిషి దిగాడు. మల్లెపువ్వులాంటి పంచె, జరీ ఉత్తరీయం, నుదుట గంధం, ఒక్క ముడత కూడా లేని తలపాగా. "పిల్లలకి నడవడి నేర్పుతాను. మగపిల్లల్ని మగపిల్లల్లా, ఆడపిల్లల్ని ఆడపిల్లల్లా తీర్చిదిద్దుతాను. ఓడ మీదే నా బడి," అన్నాడు.

అందరూ ఆయన బట్టలు చూశారు. ఆయనది ఏ ఊరని ఒక్కరూ అడగలేదు. గంట మోగితే తలుపులు వేసుకునే తల్లులే తలుపులు బార్లా తీసి, పిల్లలకి తలలు దువ్వి, చేతులు పట్టుకుని ఓడ ఎక్కించారు. రాజు మనవరాలు మందారిక కూడా ఎక్కింది.

ఓడ తెరచాప ఎత్తింది. మళ్లీ రాలేదు.

మకరందుడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎప్పటిలాగే గుర్రం ఎక్కి వీధిలోకి వచ్చాడు. గంట మోగింది. ఒక్క తలుపూ మూసుకోలేదు. దాచుకోవడానికి ఇళ్లలో పిల్లలు లేరు. తల్లులు గుమ్మాల్లో కూర్చుని అతని వైపు చూస్తున్నారు, చూస్తూ కూడా చూడటం లేదు.

చేపల వేటకి వెళ్లిన జాలర్లు కబురు తెచ్చారు. ఆ పెద్దమనిషి ధూమ్రజటి అనే మాంత్రికుడట. సప్త సముద్రాల అవతల ఉంటాడట. వాడికి బొమ్మలంటే పిచ్చి. పిల్లల్ని బొమ్మలు చేసి కోటలో వరసగా నిలబెట్టుకుంటాడట.

రణధీరుడు కవచం తొడుక్కుని బయల్దేరాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే. బలకేతుడు కత్తి పట్టుకుని బయల్దేరాడు. అతనూ అంతే. అప్పుడు మకరందుడు తండ్రి ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"నాన్నగారూ, నేను వెళ్తాను."

"నువ్వా?" అన్నాడు రాజు. "పోనీ ఆ గాజులన్నా తీసి వెళ్లు నాయనా," అన్నాడు.

"అవి లేకపోతే నా చెయ్యి నాది కానట్టుంటుంది," అన్నాడు మకరందుడు. గుర్రం మెడలోని గంట మాత్రం విప్పి తండ్రి పాదాల దగ్గర పెట్టాడు. "పిల్లలు లేని ఊళ్లో దీనితో పనేముంది?" అని, కుట్టుసామాను సంచీ భుజాన వేసుకుని కాలినడకన బయల్దేరాడు.

ఒడ్డున నడుస్తుంటే వలలో చిక్కుకుని ఒక ముసలి తాబేలు కనపడింది. సంచీలోంచి కత్తెర తీసి వల కత్తిరించాడు. ఇంకొంచెం ముందుకి వెళ్తే రెక్క విరిగిన కొంగ కనపడింది. పరికిణీ అంచు చింపి కట్టు కట్టాడు. ఇంకొంచెం ముందుకి వెళ్తే పోటు నీళ్లు పైకి వస్తున్నాయి, ఇసకలో ఒక ఎలుక పిల్లల్ని చుట్టూ పెట్టుకుని ఏడుస్తోంది. అన్నిటినీ కుచ్చిళ్లలో పోసుకుని మెరక మీదికి చేర్చాడు.

"ఎక్కడికి నాయనా ప్రయాణం?" అంది తాబేలు.

"సప్త సముద్రాల అవతలికి అవ్వా."

"ఎక్కు మరి."

తాబేలు వీపు మీద మకరందుడు, అతని భుజం మీద కొంగ, సంచీలో తల్లి ఎలుక. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు, కుచ్చిళ్లు బంకబంకగా అయిపోయాయి. కల్లు సముద్రం దాటుతుంటే కొంగకి తల తిరిగింది. నేతి సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. ఏడోది మంచినీళ్ల సముద్రం. అందులో మకరందుడు దిగి బట్టలు జాడించుకున్నాడు.

ఆరేసుకుంటూ అడిగాడు. "అవ్వా, నన్ను చూస్తే నీకు వింతగా లేదా?"

"ఎందుకు లేదు?" అంది తాబేలు. "మీ మనుషులు డిప్ప లేకుండా తిరుగుతారు. మొదట్నుంచీ నాకదే వింత. దాని మీద ఏ గుడ్డ చుట్టుకుంటే ఏముంది నాయనా?"

దీవి చేరారు. కొంగ ఎగిరి కోటంతా చూసి వచ్చింది. కోట మీది పావురాలని అడిగి సంగతంతా తెలుసుకుంది.

"ధూమ్రజటి ప్రాణం లోపలి గదిలో ఉన్న చిలకలో ఉంది. చిలక పంజరంలో ఉన్నంతవరకే వాడి మంత్రాలు పనిచేస్తాయి. వాడు దానికి రెండే మాటలు నేర్పాడు. మగవాడు గడప తొక్కితే 'మగవాడొచ్చాడు' అని అరుస్తుంది. ఆడమనిషి తొక్కితే 'ఆడమనిషొచ్చింది' అని అరుస్తుంది. మొదటి కేక వింటే ఒక మంత్రం చదువుతాడు, రెండో కేక వింటే ఇంకో మంత్రం. మీ పెద్దన్న కవచంతో వెళ్లాడు, మగవాడొచ్చాడని అరిచింది. మీ రెండో అన్న ఉపాయం పన్ని, చీర కట్టుకుని, మీసం గీయించుకుని, మేలిముసుగు వేసుకుని వెళ్లాడు. ఆడమనిషొచ్చిందని అరిచింది. ఇద్దరూ ఇప్పుడు బొమ్మలే."

మకరందుడు రాయి మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. అన్నలిద్దరి దారులూ మూసుకుపోయాయి. తను వేయాల్సిన కొత్త వేషం ఒక్కటీ తోచలేదు. చివరికి లేచి ముఖం కడుక్కున్నాడు. జడ విప్పి మళ్లీ గట్టిగా వేసుకున్నాడు. మీసం దువ్వుకున్నాడు. గాజులు సర్దుకుని, రోజూ వీధిలోకి వెళ్లేటట్టే లోపలికి వెళ్లాడు.

కోటలో పెద్ద హాలు. ఒకవైపు మగపిల్లల వరస, అందరికీ ఒకే తలపాగా. ఒకవైపు ఆడపిల్లల వరస, అందరికీ ఒకే ఎర్ర పావడా. అందరి ముఖాల మీదా ఒకే నవ్వు. మందారిక దగ్గర అతని కాళ్లు ఆగిపోయాయి. ముందుపన్ను ఊడిన సందుని కూడా మాంత్రికుడు చక్కగా పూడ్చేశాడు. మకరందుడికి అప్పటిదాకా రాని కోపం అప్పుడు వచ్చింది.

లోపలి గది గడప తొక్కాడు. చిలక నోరు తెరిచింది.

"మగ..." అని, జడ చూసి ఆగింది. "ఆడ..." అని, మీసం చూసి ఆగింది. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఎవరు నువ్వు? ఏమని అరవను?" అంది.

"నా పేరు మకరందుడు. మకరందుడొచ్చాడని అరువు."

"ఆ మాట నాకు నేర్పలేదే!" అంది చిలక బెంగగా.

"నేను నేర్పుతాలే. మెల్లగా అను. మ... క..."

"మ... క..." అంటూ చిలక పాఠంలో పడింది. ఈలోగా ఎలుక పంజరం తాడు కొరికేసింది. పంజరం కింద పడి తలుపు ఊడింది. మకరందుడు చిలకని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

చప్పుడు విని ధూమ్రజటి పరుగెత్తుకొచ్చాడు. ఒక మంత్రం ఎత్తుకున్నాడు, సగంలో ఆపాడు. రెండోది ఎత్తుకున్నాడు, అదీ ఆపాడు. "ఒరేయ్... ఒసేయ్... ఎవరు నువ్వు?" అని గావుకేక పెట్టాడు. మంత్రం ఏదైనా ఇక లాభం లేదు. చిలక పంజరం దాటింది.

"నీ ప్రాణం నా చేతుల్లో ఉంది," అన్నాడు మకరందుడు. వేళ్లు కొంచెం బిగించేసరికి మాంత్రికుడు గుండె పట్టుకుని కూలబడ్డాడు. మకరందుడి వేళ్ల మధ్య చిలక గుండె కూడా టకటక కొట్టుకుంటోంది. దాన్ని నులమడానికి మకరందుడికి చేతులు రాలేదు. "నిన్ను చంపను. ఈ దీవిలోనే ఉండు. చిలక మాత్రం నాతో వస్తుంది."

హాల్లో కేకలు వినపడ్డాయి. పిల్లలు లేచారు. ఆకలని కొందరు, అమ్మ కావాలని కొందరు. రణధీరుడు కూతుర్ని ఎత్తుకుని ఏడ్చాడు. బలకేతుడు చీర కుచ్చిళ్లు పట్టుకుని తమ్ముడి ముందుకి వచ్చి తల దించుకున్నాడు. "దీంతో నడవడం ఇంత కష్టమా తమ్ముడూ? నేను ఊరికే నవ్వేవాణ్ణి," అన్నాడు. మకరందుడు వంగి అతని కుచ్చిళ్లు సర్దాడు.

బొమ్మల్లోంచి లేచినవాళ్లలో శంఖద్వీపం రాకుమారి కువలయ కూడా ఉంది. చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చి చిక్కుకుపోయిందట. ఆమె మకరందుణ్ణి తలనుంచి పాదాలదాకా చూసి, "ఆ రవిక చేతులు ఎవరు కుట్టారు?" అని అడిగింది.

"నేనే."

"నాకూ కుట్టిపెడతావా?"

"గుడ్డ దొరకాలి మరి."

"మా దీవిలో బోలెడంత దొరుకుతుంది," అందామె.

మాంత్రికుడి ఓడలోనే అందరూ తిరిగి బయల్దేరారు. దారంతా మకరందుడే పిల్లలకి తలలు దువ్వాడు, చిరిగినవి కుట్టాడు. అంత దగ్గరగా అంతమంది పిల్లల్ని చూడటం అతనికి అదే మొదలు. ఏమడుగుతారోనని మొదట్లో అతనికి భయంగానే ఉండేది.

ఒక పిల్లవాడు అడిగాడు. "నువ్వెందుకు పరికిణీ కట్టుకుంటావు?"

"నాకిష్టం."

"అంతేనా?"

"అంతే."

"సరే. నాకు ఆకలేస్తోంది," అన్నాడు వాడు.

ఇద్దరు మగపిల్లలు గాజులు అడిగి వేసుకున్నారు. ఒకడు చప్పుడు ఎక్కువగా ఉందని మర్నాడే తీసేశాడు. రెండోవాడు ఉంచుకున్నాడు. కుస్తీ పట్టేవాళ్లు కుస్తీ పడుతూనే ఉన్నారు.

రేవులో ఊరంతా గుమిగూడింది. తల్లులు పరుగున ఓడ ఎక్కి పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారు, మకరందుడు దిగబోతుంటే అలవాటుగా వాళ్ల కళ్లు మూయబోయారు. "మూయకమ్మా, మెట్టు కనపడటం లేదు!" అని మందారిక తల్లి చేతిని తోసేసి, ఊడిన పన్ను సందులోంచి నవ్వుతూ బాబాయి చెయ్యి పట్టుకుని దిగింది. మిగతా పిల్లలూ అతని వెనకే దిగారు.

రాజు ఎదురొచ్చాడు. ఆయన పక్కన ఒక పళ్లెంలో పంచె, అంగరఖా, తలపాగా ఉన్నాయి. "నాయనా, ఊరంతా నిన్ను చూడాలని వచ్చింది. ఈ ఒక్క రోజుకి ఇవి వేసుకో," అన్నాడు మెల్లగా.

మకరందుడికి తండ్రి మీద కోపం రాలేదు. అలసటగా మాత్రం ఉంది.

"అవి వేసుకుంటే ఊరు చూసేది ఆ బట్టల్ని నాన్నగారూ. బట్టల్ని చూసే కదా పిల్లల్ని వాడి చేతిలో పెట్టారు?"

మంత్రి ఏదో అనబోయాడు. అతని మనవడు అప్పటికే పరుగెత్తి వెళ్లి మకరందుడి పక్కన నిలబడి, చిరిగిన తన చొక్కా చెయ్యి కుట్టమని చూపిస్తున్నాడు. మంత్రి నోరు మూసుకున్నాడు.

రాజు పళ్లెం దాసీ చేతికి ఇచ్చేశాడు. కొడుకు దగ్గరికి వచ్చి, గాలికి జారిపోతున్న పూలదండని జడలో పెట్టబోయాడు. అలవాటు లేని చెయ్యి, అది నిలవలేదు. మళ్లీ పెట్టాడు. మూడోసారికి నిలిచింది.

శంఖద్వీపంలో మకరందుడికీ కువలయకీ పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు జరీ పరికిణీ కట్టుకున్నాడు, పెళ్లికూతురు తనకి కుట్టిచ్చిన రవిక వేసుకుంది. ఏవైపు ఎవర్ని కూర్చోబెట్టాలని పురోహితుడు కాస్త తడబడితే, "నేను పెళ్లికొడుకునండీ, కుడివైపే," అన్నాడు మకరందుడు నవ్వుతూ. అన్నలిద్దరూ గుర్రాలూ సైన్యమూ తమకి చాలునన్నారు. రాజ్యం మకరందుడికి వచ్చింది. అతనూ కువలయా ముగ్గురు పిల్లల్ని కన్నారు, వెంట్రుకలు నెరిసేదాకా చల్లగా ఏలారు.

వాళ్ల కాలంలో రత్నకూటంలో తల్లులు పిల్లల్ని దర్జీల దగ్గరికి తీసుకువెళ్తే, "అబ్బాయికా, అమ్మాయికా?" అని ఎవరూ అడిగేవారు కాదట. కొలతల తాడు చేత్తో పట్టుకుని పిల్లల ముందు గొంతుక్కూర్చుని, "నీకెలాంటిది కావాలి?" అని అడిగేవారట.