కౌజు పిట్ట గుడ్లు, నక్క విచారణ

కొండ దిగువ అడవిలో గడ్డి దుబ్బుల నడుమ సూరమ్మ అనే కౌజు పిట్ట కాపురముండేది. ఒకనాడు మేతకు వెళ్లి వచ్చేసరికి గూడు ఖాళీ. గుడ్లన్నీ పోయాయి. గుండె చెరువై, పడుతూ లేస్తూ అడవికి కావలి కాసే నక్క దగ్గరికి పరుగెత్తింది.

నక్క తాపీగా మీసం దువ్వుకుని విచారణ మొదలుపెట్టింది. గూడు నేలమీద ఎందుకు పెట్టావంది. గుడ్లను వదిలి ఆ తిరుగుళ్లేమిటంది. దొంగను కళ్లారా చూశావా అంది. పుండు మీద కారం చల్లినట్టున్న ఆ ప్రశ్నలు విని విని, తప్పు తనదేనేమో అనిపించింది సూరమ్మకు. తల వంచుకుని వచ్చేసింది. మరెవరికీ చెప్పుకోలేదు.

తొలకరి పడ్డాక అడవి పెద్ద అయిన ఏనుగు అందరినీ సమావేశపరిచింది. తన కావలిలో దొంగతనమనే మాటే లేదని, అందుకే ఒక్క ఫిర్యాదూ నిలవలేదని నక్క చెప్పుకుంది. ఏనుగు మురిసిపోయి, కావలి పని దానికే శాశ్వతంగా ఇచ్చేద్దామా అని అడిగింది.

సూరమ్మ చుట్టూ చూసింది. ఆడ నెమలి, తీతువు, అడవికోడి... అన్నీ తనలాగే తల దించుకుని ఉన్నాయి. అప్పుడర్థమైంది, ఏడ్చింది తానొక్కతే కాదని. తల ఎత్తి ముందుకొచ్చింది.

"దొరా, చెప్పుకోడానికొచ్చినవాళ్లనే దొంగల్లా నిలబెడితే ఇంకెవరొస్తారు? ఎవరు ఫిర్యాదు చేశారని కాదు, ఎవరేం పోగొట్టుకున్నారో అడగండి."

 ఏనుగు మోకాళ్ల మీద కూర్చుని, "నీకేం జరిగిందమ్మా?" అని నెమలిని మెల్లగా అడిగింది. నెమలి తన గుడ్ల సంగతి చెప్పింది. ఆ వెనకే తీతువు నోరు విప్పింది. అడవికోడి చెప్పలేక ఏడ్చింది. ఏనుగు తొందరపెట్టకుండా విన్నది.

నక్కకు కాళ్ల కింద నేల కదిలింది. "ఇదంతా ఈ కౌజు ఎక్కించిన కథ. దాని గుడ్లు ఎవడిక్కావాలి? సగం మురిగిపోయినవే."

"పగలగొట్టి చూడనిదే ఆ సంగతి నీకెలా తెలిసింది?" అంది ఏనుగు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఇన్నాళ్లూ కంచే చేను మేసిందని అందరికీ తెలిసిపోయింది.

కావలి పని తీతువుకు దక్కింది. అది గూడు గూడుకీ వెళ్లి పలకరించేసరికి పాత గోడులన్నీ బయటికొచ్చాయి. దొంగతనాలు పెరిగిపోయాయని కోతి సణిగితే, పెరిగింది చెప్పుకునే ధైర్యమని ఏనుగు సర్దిచెప్పింది. సూరమ్మ మళ్లీ గడ్డిలోనే గుడ్లు పెట్టింది. అది మేతకు వెళితే ఇరుగుపొరుగు కాపలా కాశారు.

ఏనుగు అడవి పొలిమేర దాటించి వెళ్లగొట్టిన నక్క మాత్రం, నోరెత్తరనుకున్నవాళ్లే తన కొంప ముంచారని గొణుక్కుంటూ పోయింది.

నీతి: ఫిర్యాదు లేనంత మాత్రాన బాధ లేనట్టు కాదు, ఆదరంగా అడిగితేనే అసలు లెక్క తేలుతుంది.