బూడిదగుట్టకు నీళ్లు

కూర్మయ్యస్వామికి ఒక అలవాటుండేదమ్మా. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా చెప్పులేసుకునేవారు.

ఆ ఉదయం ప్రశ్న వేసినవాడు తాతారావు, భజనలో మద్దెల వాయించేవాడు. ఒంట్లో హెచ్‌ఐవీ ఉందని తెలిసి ఆరేళ్లు. రోజూ మాత్ర వేసుకున్నాడు, కోలుకున్నాడు, విషయం దాచకుండా చెప్పే పెళ్లి చేసుకున్నాడు. "రక్తంలో వైరస్ కనపడనంత తగ్గిపోయింది. మందు మానకుండా ఇలాగే ఉన్నంతకాలం మీ ఆవిడకు సోకదు" అంది డాక్టరమ్మ. మనవాడికి మొదటి ముక్కే వినపడింది. అంతా దైవకృప అనుకున్నాడు. కృప కాదని నేనూ అనను. కానీ మిగిలిన మాత్రలు పసుపుగుడ్డలో ముడుపు కట్టి దేవుడి ముందు పెట్టేశాడు. నాలుగు రోజులైంది. ఇంట్లో భార్య మంగతాయారుకు ఐదో నెల; ఆమెకు జబ్బు లేదు.

"కనపడనిదానికి మందెందుకు స్వామీ? అది దేవుణ్ణి శంకించడం కాదా?"

స్వామి చెప్పులేసుకున్నారు.

రైసుమిల్లు వెనక ఊకబూడిద గుట్ట. పట్టపగలు, ఎండ ఫెళ్లున కాస్తోంది. పొగ లేదు, వాసన లేదు. గుట్ట మాత్రం పడుకున్న ఏనుగు వీపులా నల్లగా, మెత్తగా ఉంది. కాకులు కూడా దాని మీద వాలడం లేదు. రెప్ప వేయకుండా చూస్తే అది ఊపిరి తీస్తున్నట్టే తోచింది తాతారావుకు. మిల్లులో పనిచేసే ముసలి నూకాలమ్మ పైపుతో ఒక పక్క నీళ్లు కొడుతోంది.

"చల్లారినదానికి స్నానమెందుకు మామ్మా?" అని నవ్వాడు.

"చల్లారిందని నీతో చెప్పిందేటి? మద్దెల వాయించే చేతులు కదా, ఓపాలి పెట్టి చూడు బాబూ" అందామె, పని ఆపకుండా. "పోయినేడు జాతరకెళ్లి మూడ్రోజులు తడపలేదు. లేగదూడొకటి ఎక్కింది. అరుపు కూడా రాలేదు."

ఇంకా తడపని వైపు స్వామి తమ చేతికర్ర దింపారు. చప్పుడు లేకుండా, ఎవరో లోపల్నుంచి అందుకున్నట్టు దిగిపోయింది. కాసేపాగి తీస్తే కొస ఎర్రగా, అప్పుడే తెరిచిన కన్నులా ఉంది.

తాతారావుకు పొద్దున మంగతాయారు తన చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకోవడం గుర్తొచ్చింది. "ఆసుపత్రికి పోతాను స్వామీ. మందు మానిన సంగతి చెప్పేస్తాను. ఆమెనూ తీసుకెళ్లి పరీక్ష చేయిస్తాను" అని గబగబా కదిలాడు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు.

"మరి... ఇలా ఎన్నాళ్లు స్వామీ?"

నూకాలమ్మ పైపును రెండో వైపుకు ఈడ్చుకుంటోంది.

"ఆవిడ ఆ మాట అడగడం విన్నావా నాయనా?" అన్నారు స్వామి.