జ్వరం పొద్దుల కుట్టు

దస్తగిరప్పకు చలిజ్వరం మళ్లీ తిరగబెట్టింది.

వచ్చే ముందు అది కబురు చేసే వచ్చేది. మొదట ఆవలింతలు, తర్వాత గోళ్లు నీలం తిరగడం, ఆ వెనక ఎముకల్లోంచి వణుకు. ఇంట్లో ఉన్నవన్నీ మీద కప్పినా మంచం కోళ్లు టకటకలాడేవి. కొన్నాళ్లు కొట్టి, చెమటలు పోయించి వదిలేది. గంజి తాగి, గోడ పట్టుకుని నడిచి, ఇక పీడ విరగడైందిలే అనుకుని దూదేకే విల్లు అందుకునేసరికి మళ్లీ ఆవలింత వచ్చేది.

ఎర్రమల కొండల కింద ఊళ్లలో దూదేకడం, పరుపులూ బొంతలూ కుట్టడం అతని ఇంటి వృత్తి. అతని కుట్టు తాడు పట్టి గీసినట్టుండేది. పెళ్లి పరుపంటే దస్తగిరప్ప చేతిదే కావాలనేవారు. అలాంటి వాడు ఇప్పుడు మంచంలో పడి దూలాలు చూస్తున్నాడు.

కూతురు జైనబి అప్పుడప్పుడే నడక నేర్చి, పడుతూ లేస్తూ ఇల్లంతా తిరిగేది. తన జ్వరం బిడ్డకు అంటుకుంటుందేమోనని అతనికి దిగులు. పిల్ల మంచం దగ్గరికి వస్తే మొహం అటు తిప్పుకునేవాడు. చివరికి భార్య కాశింబీకి చెప్పి, బిడ్డను కొండ అవతల అత్తగారింటికి పంపేశాడు.

"నాకు బాగయ్యేదాకానే," అన్నాడు.

కాశింబీ బిడ్డ బట్టలు మూటగట్టింది.

కాస్త తెరిపి ఇచ్చిన పొద్దు చూసుకుని, దస్తగిరప్ప కర్ర పట్టుకుని ఊరి బయటికి నడిచాడు. అక్కడ కానుగ చెట్ల మధ్య ఒక కొట్టం ఉంది. అందులో మౌలాలి తాత అనే ఫకీరు ఉండేవాడు. దస్తగిరప్పకు చిన్ననాటి నుంచీ ఆయనే గురువు.

తాత ఎప్పటిలాగే తన పాత బొంత మీద కూర్చుని ఉన్నాడు. ఆ బొంత తాత తల్లి చూపు పోతున్న రోజుల్లో కుట్టినది. చీమల బారు మీద నీళ్లు చల్లినట్టు కుట్లు ఎటుపడితే అటు పోయి ఉంటాయి. దాన్ని చూసినప్పుడల్లా దస్తగిరప్పకు చెయ్యి ఊరుకునేది కాదు. ఒకసారి ఆగలేక అడిగేశాడు కూడా.

"తాతా, ఇట్లియ్యి. విప్పి సూటిగా కుట్టి ఇస్తా."

"ఒద్దులేరా," అన్నాడు తాత. "దాని వంకర చలికి తెలీదు."

ఈసారి దస్తగిరప్ప బొంత వైపు చూసే స్థితిలో లేడు. "ఒక తాయెత్తు కట్టు తాతా," అన్నాడు. "జ్వరాన్నయినా ఓర్చుకుంటా గానీ ఊరికే పండుకోలేకపోతున్నా. పొద్దు గడవదు. ఈ చేతులు నావి కావనిపిస్తాది."

"బిడ్డ యాడుంది?"

"అవ్వ దగ్గర. నాకు బాగయినాక తెచ్చుకుంటా."

"ఎంత పొడుగుంది?"

దస్తగిరప్ప అరచేయి మోకాలికి కాస్త పైన పెట్టి చూపించాడు.

తాత లేచి లోపలికి వెళ్లాడు. తాయెత్తు తెస్తాడనుకుంటే పేలికల మూట తెచ్చాడు. దర్గా ఉరుసుకు వచ్చిన వాళ్లు వదిలిపోయిన పాత చీరలు, పంచెలు, చిరిగిన తలగుడ్డలు. పైన దారపు ఉండ, దానికి గుచ్చిన లావుపాటి సూది.

"జైనబికి బొంత కుట్టు."

"అట్లే తాతా. జ్వరం తగ్గినాక..."

"జ్వరమొచ్చిన పొద్దూ కుట్టు. రాని పొద్దూ కుట్టు," అని తాత మళ్లీ తన బొంత మీద కూర్చున్నాడు.

దస్తగిరప్ప గురువు మాట దాటేవాడు కాదు. జ్వరం వచ్చిన పొద్దు కూడా గోడకు ఆనుకుని కుట్టాడు. ఎర్ర పేలిక పక్కన పసుపుది, దాని పక్కన కాశింబీ పెళ్లినాటి రైక ముక్క. ఏ రంగు పక్కన ఏది నప్పుతుందా అని మనసు అందులో పడితే వణుకు మరుపున పడేది. దూలాలు చూడటం మానేశాడు. నేలవేము కషాయం గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో కూడా తెలిసేది కాదు.

కానీ జ్వరం దిగిన మర్నాడు బొంతను వాకిట్లోకి తీసుకెళ్లి వెలుగులో చూసుకునేవాడు. వణికే చేత్తో కుట్టిన వరసలు వంకరలు తిరిగి ఉండేవి. కూలికి కుట్టే పరుపే ఇట్లుండదు, కన్నబిడ్డకు ఇది కప్పేదా అనుకునేవాడు. చిన్న కత్తి తీసుకుని ఆ వరసలన్నీ విప్పేసి మళ్లీ మొదటి నుంచి కుట్టేవాడు. అవి పూర్తయ్యేలోపల ఆవలింత రానే వచ్చేది.

కాశింబీ పండక్కీ పబ్బానికీ పుట్టింటికి పోయి బిడ్డను చూసి వచ్చేది. "నువ్వూ రా. ఇప్పుడు బాగానే ఉండావు గదా," అనేది.

"ఆడికి పోయినాక జ్వరమొస్తే? బొంత గూడా అయిపోవచ్చింది. అది చేత పట్టుకునే పోతా."

"నీ కుట్టు సూటిగా అయ్యేలోపల నా బిడ్డకు పెండ్లయితాది. దాని మొగునికి కప్పుదువులే."

అతను నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. "ఇంకో మూరెడు పొడుగు పెట్టు," అనేది ఒక్కోసారి.

"నా బిడ్డ కొలత నాకు తెలీదా," అనేవాడు.

ఒక్కసారి మాత్రం మనసు ఆగక ఒంటరిగా బయలుదేరాడు. కొండ మొదలు దాకా వెళ్లాడు. అక్కడ ఒక ఆవలింత వచ్చింది. అది జ్వరానిదో, తెల్లవారుజామున లేచినందుకు వచ్చిందో తేల్చుకోలేక రాయి మీద కూర్చున్నాడు. గోళ్లు చూసుకున్నాడు. నీలంగా ఉన్నట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది. చివరికి వెనక్కి తిరిగాడు. ఆ నెలంతా జ్వరం రాలేదు.

తాత అప్పుడప్పుడు పలకరించడానికి వచ్చేవాడు. ఒకసారి ఆయన వచ్చేసరికి మంచం చుట్టూ తెగిన దారాలు పడి ఉన్నాయి. తాత వంగి కొన్ని ఏరి అరచేతిలో వేసుకున్నాడు.

"ఇవేందిరా?"

"జ్వరం పొద్దు కుట్టినవి తాతా. బాగలేవు. తీసేసినా."

తాత ఆ దారాలను వేలితో కదిపాడు. చీవాట్లు పెడతాడేమోనని దస్తగిరప్ప తల వంచుకున్నాడు.

"జైనబి ఎంత పొడుగైంది?" అన్నాడు తాత.

దస్తగిరప్ప అరచేయి మోకాలికి కాస్త పైన పెట్టి చూపించాడు.

తాత దారాలను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

వానలు వచ్చాయి, పోయాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ పోయాయి. అలా ఐదారేళ్లు గడిచాయి. జ్వరం రావడం కాస్త పలచబడింది. ఒక చలికాలం మొదట్లో బొంత చివరి అంచు కూడా పూర్తయింది. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్క వంకర లేదు. దస్తగిరప్ప దాన్ని మడిచి చంకన పెట్టుకుని పోయి తాత ముందు పరిచాడు.

"అయిపోయింది తాతా. దీన్ని జ్వరంలో కుట్టినానంటే ఎవరూ నమ్మరు."

తాత బొంత మీద చేత్తో తడిమాడు. "నమ్మరు," అన్నాడు. "ఇది ఈడ పెట్టి పో. ఎల్లుండి మాపటికి నేనే తెస్తా."

దువా చదివి ఇస్తాడు కాబోలనుకుని దస్తగిరప్ప ఇంటికి వచ్చాడు.

మర్నాడు తెల్లారగానే తాత తన పాత బొంత భుజాన వేసుకుని కొండదారి పట్టాడు. ఈ వయసులో నీకెందుకు ఈ తిప్పలని దారిలో ఎవరో అడిగితే, "కొలత తీసుకునేదానికి పోతున్నా," అన్నాడట.

ఆ మరుసటి మాపున దస్తగిరప్ప ఇంటి ముందు ఎద్దుల బండి ఒకటి ఆగింది. తాత దిగాడు. బండిలో పరిచిన గడ్డి మీద ఒక పిల్ల నిద్రపోతోంది. కాశింబీ ఉరుకున పోయి ఎత్తుకొచ్చి చాప మీద పడుకోబెట్టింది. దస్తగిరప్ప గడప దగ్గరే నిలబడిపోయాడు. పొడుగాటి కాళ్లు. రెండు జడలు. ఎవరి పిల్లనో తెచ్చారనుకున్నాడు ఒక క్షణం.

తాత సంచిలోంచి కొత్త బొంత తీసి అతని చేతికిచ్చాడు. "చలిగా ఉంది. కప్పు."

అతను కప్పాడు. మెడ దాకా కప్పితే పిక్కలు, పాదాలు బయట ఉండిపోయాయి. కిందికి లాగాడు. భుజాలు బయటపడ్డాయి. పిల్ల నిద్రలోనే చేతులు ముడుచుకుంది. గబుక్కున మళ్లీ పైకి లాగాడు. పాదాల మీద దారి దుమ్ము ఉంది. తుడుద్దామని ఒక పాదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అరచేయి నిండిపోయింది. ఒకప్పుడు రెండు పాదాలూ ఒక్క గుప్పిట్లో పట్టేవి.

కాశింబీ అవతలకు తిరిగి దీపం వత్తి సర్దుతోంది.

"తాతా, సూటిగానే కుట్టినా," అన్నాడు చివరికి.

"సూటిగానే ఉంది," అన్నాడు తాత.

భుజం మీది పాత బొంత తీసి, మడత విప్పి, పిల్ల పాదాల మీద కప్పాడు. చూపు పోతున్న తల్లి కుట్టిన ఆ చెదిరిన కుట్లు పిల్ల మడమల చుట్టూ సర్దుకున్నాయి. తాత కర్ర అందుకుని గడప దాటాడు.

"నా బొంత నాకు కావాల," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "బిరాన కుట్టు."

ఆ వారంలోనే దస్తగిరప్పకు ఆవలింత వచ్చింది. గోళ్లు నీలం తిరిగాయి. కాశింబీ పిల్లను అవతలకు తీసుకుపోబోతే, "ఉండనీ," అన్నాడు. గోడకు ఆనుకుని, బొంత కింది అంచుకు కొత్త పేలికలు అతుకుతున్నాడు. జైనబి కాస్త దూరంగా కూర్చుని చూస్తోంది. ఆ పిల్ల ఇంకా అతన్ని నాయనా అని పిలవలేదు. ఏమనీ పిలవలేదు.

చెయ్యి వణికింది. వరస పక్కకు పోయింది. అలవాటు చొప్పున కత్తి కోసం చెయ్యి చాచాడు.

"ఇదేంది ఇట్ల వంకర పోయింది?" అంది జైనబి, దగ్గరికి జరిగి.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఈ పొద్దు నాకు జ్వరమమ్మా. అందుకు."

పిల్ల ఆ వంకర కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించింది. తర్వాత పైకి జరిగి, సూటిగా ఉన్న వరసల మీద పెట్టింది. ఒకటి, దాని పైన ఇంకొకటి, దాని పైన ఇంకొకటి.

"మరి ఈ పొద్దులన్నీ బాగున్నావా?"

దస్తగిరప్ప తల వంచుకుని సూదిలో దారం ఎక్కించబోయాడు. చెయ్యి నిలవలేదు. దారం కొస సూది చుట్టూనే తిరుగుతోంది.

"ఇట్లియ్యి," అని జైనబి సూది లాక్కుంది. దారం కొసను నోట్లో తడిపి, ఒక కన్ను మూసి, ఒక్క ఊపున ఎక్కించి ఇచ్చింది.

"అవ్వకు రోజూ నేనే ఎక్కిస్తా," అంది.