సగం మాట

విశ్వపతి రాస్తున్న పుస్తకం ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

బడిపిల్లల కోసం ఇంగ్లీషు మాటలు ఎడమ వరసలో, వాటికి వ్యతిరేకాలు కుడి వరసలో రాసి, కింద తెలుగు అర్థాలు పెట్టాడు. అప్‌కి డౌన్, హాట్‌కి కోల్డ్. మూడొందల మాటలు చకచకా సాగిపోయాయి. 'గో' దగ్గరికొచ్చేసరికి కలం మొరాయించింది. 'కమ్' అని రాశాడు. కొట్టేసి 'స్టే' అన్నాడు. అదీ కొట్టేసి 'స్టాప్' అన్నాడు. విజయనగరం అచ్చాఫీసు నుంచి కబురు మీద కబురు వస్తోంది.

ఎవర్ని అడగాలో అతనికి బాగా తెలుసు. కానీ తొమ్మిదేళ్ళుగా తన గురువుగారి ఊరి ఛాయలకి పోలేదు.

పేరి చయనులుగారి దగ్గర అతను పదేళ్ళు చదువుకున్నాడు. వాళ్ళింట్లో తిని, వాళ్ళ అరుగు మీద పడుకుని, నిఘంటువులు కంఠతా పట్టాడు. ఒకసారి ఇంటికొచ్చిన పండితులు "మీ శిష్యుల్లో మొదటివాడెవరండీ?" అని అడిగితే గురువుగారు ఇంకొకడి పేరు చెప్పారు. విశ్వపతికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే మూట కట్టుకుని గుమ్మంలో నిలబడి "వెళ్తున్నాను" అన్నాడు.

ఆ ఇంట్లో ఎవరూ అలా అనరు. పక్కింటికి మజ్జిగ కోసం వెళ్ళినా "వెళ్ళొస్తాను" అనాల్సిందే. అననివాణ్ణి గురువుగారు గడప దాటనిచ్చేవారు కాదు.

"సగమే అన్నావురా" అన్నారు ఆయన ఆ రోజు కూడా. విశ్వపతికి వినబడింది. వినబడనట్టే నడిచిపోయాడు.

ఇప్పుడు నాగావళి ఒడ్డున బస్సు దిగి ఆ వీధి మలుపు తిరిగేసరికి గురువుగారి ఇల్లు కనబడింది. అదే నీలం తలుపు. పెరట్లోంచి అదే చింతచిగురు పప్పు వాసన. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదో ఆ క్షణాన అతనికే అంతుపట్టలేదు. ఎంత బాగుండేవి ఆ రోజులు!

చయనులుగారు అరుగు మీద కూచున్నారు. చూపు బాగా తగ్గినట్టుంది.

"ఎవరదీ?"

"విశ్వపతినండి."

ఆయన గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. "ఏం పని మీద వచ్చేవు?" అన్నారు.

"పిల్లలకి పుస్తకం రాస్తున్నానండి, మాట ఎడమ వరసలో, దాని వ్యతిరేకం కుడి వరసలో. ఇంగ్లీషులో గో అనే మాటకి వ్యతిరేకం తేలడం లేదు, గురువుగారూ."

"గో అంటే ఆవు కదుట్రా! ఆవుకి వ్యతిరేకం ఏమిటి, ఎద్దా?"

లోపల్నుంచి ఆయన భార్య సుభద్రమ్మగారు పకపకా నవ్వింది. విశ్వపతి కూడా నవ్వాడు. నవ్వుతూనే పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆవు కాదండి. గో అంటే వెళ్ళడం. దానికెదురుగా రావడం అని రాయాలా, ఉండడం అనా, ఆగడం అనా?"

"ముందు అన్నం తిను."

లోపల భోజనాలకి పీటలు వాల్చి ఉన్నాయి. నలుగురు శిష్యులు నాలుగింటి మీద కూచున్నారు. అయిదోది ఖాళీ. దాని అంచున చాకుతో చెక్కిన 'వి' అన్న అక్షరం కనబడింది. చెక్కినందుకు ఆ రోజు తిన్న చీవాట్లు కూడా అతనికి గుర్తొచ్చాయి.

"నా పీట! నేనొచ్చానని అటక మీంచి తీయించారా, అమ్మగారూ?"

"అది అటకెక్కితే కదా, నాయనా! రోజూ రెండు పూటలా నీ పీట వేయాల్సిందే. నాకు కాళ్ళకి అడ్డమొస్తోందని తీసేయబోతే, 'వాడు సగం మాటే అన్నాడు, ఉండనీ' అంటారు మీ గురువుగారు."

విశ్వపతి పీట మీద కూచున్నాడు. పప్పు వడ్డించారు. ఎడమ చేతి వేలితో 'వి'ని తడుముతూ తిన్నాడు.

భోజనాలయ్యాక గురువుగారు నడవలో చాప మీద గోడకి చేరగిలబడ్డారు. అడిగిన దానికి జవాబు చెప్పనే లేదు. మళ్ళీ అడగడానికి విశ్వపతికి నోరు రాలేదు. మూడింటి బస్సు తప్పితే ఆ రోజుకి ఇంకో బస్సు లేదు. కాగితాల కట్ట చంకన పెట్టుకుని, ఆయన పాదాలకి దణ్ణం పెట్టి, గుమ్మం దాకా నడిచాడు. గడప ముందు నిలబడితే, తొమ్మిదేళ్ళ కిందట తను నిలబడింది సరిగ్గా అక్కడేనని తెలిసింది.

"వెళ్ళొస్తాను, గురువుగారూ" అన్నాడు.

చయనులుగారు తలెత్తారు.

"ఇప్పుడన్న మాట ఏ వరసలో రాస్తావురా? ఎడమ వైపా, కుడి వైపా?"

విశ్వపతి గడప దాటలేదు. వెనక్కి వచ్చి, కాగితాలు కింద పెట్టి, ఆయన చాప పక్కన కూచున్నాడు.

వీధి చివర మూడింటి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.