ఎమ్మెల్యే గుమ్మంలో బోరింగు

గుమ్మడివలసలో పోలినాయుడి ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట పోలినాయుడూ, పెళ్ళాం పారమ్మా, తమ్ముడు దాలినాయుడూ రోజూ ఒకరితో ఒకరు చెప్పుకునేవారు. ఇంకెవరూ చెప్పేవారు కాదు మరి!

వాళ్ళ వీధి బోరింగు పాడైంది. పారమ్మకేమో ఎనిమిదో నెల. పక్కూరి నుంచి బిందె మోసుకొచ్చేసరికి ప్రాణం కళ్ళలోకొస్తోంది.

పూర్వం జనం జెండా చూసి ఓటేసేవారు, ఎమ్మెల్యేకి జనాన్ని చూసే పనే ఉండేది కాదు. ఇప్పుడు జనానికి ఏ జెండా మీదా నమ్మకం లేదు. దాంతో ఆయనకి ఒక్కొక్క మనిషీ హఠాత్తుగా ముద్దొచ్చేశాడు. మైకు పట్టుకుని వీధిలోకొచ్చి, "ఏ పార్టీ అని అడగను. ఒక్క మనిషి వచ్చినా చాలు. మీ కష్టం తెచ్చి నా గుమ్మంలో పెట్టండి, నేను చూసుకుంటా!" అన్నాడు.

ఇంకేముంది! అన్నదమ్ములు గునపాలు పట్టారు. వాషరు మారిస్తే బాగైపోయే బోరింగుని చప్టాతో సహా పెకిలించి, బండికెత్తి, ఎమ్మెల్యే గుమ్మంలో దించారు. ఒక్క మనిషే రావాలి కదా, దాలినాయుడు గోడ వెనకాల దాక్కున్నాడు.

"ఇదేంటయ్యా?"

"మా కష్టం బాబూ. చూసుకోండి."

ఎమ్మెల్యే బోరింగు భుజమ్మీద చెయ్యేసి ఫొటో దిగాడు. తర్వాత, "పిచ్చినాయనా, ఇది ఉత్త ఇనుమే. నీళ్ళొచ్చేది కన్నంలోంచి. అసలు కష్టం అక్కడుంటుంది" అన్నాడు.

"విన్నావురా తమ్ముడా? అసల్దాన్ని ఇంటి దగ్గరే వదిలేసొచ్చాం!"

అంతే. వీధికి తిరిగొచ్చి కన్నాన్ని తవ్వి తియ్యడం మొదలెట్టారు.

"చుట్టూ వెడల్పుగా తవ్వరా, అంచు విరిగిపోద్ది!"

"తవ్వేకొద్దీ పెద్దదైపోతందేటన్నయ్యా? బండిలో పట్టదు."

"పెద్ద బండి అడుగుదాం. తవ్వు!"

మూడోనాటికి గోతిలో మోకాలి లోతు నీళ్ళు ఊరాయి, అద్దంలా. పారమ్మ బిందె పట్టుకుని పరుగున వచ్చింది. పోలినాయుడు చేతులు అడ్డం పెట్టాడు.

"ఆగవే! చూసుకుంటానన్నది ఆయన. ఆయన ఇవ్వకుండా మనం తోడేసుకుంటే ఆయన మాటేం కాను?"

"నిజమేనయ్యో," అంది పారమ్మ పొట్ట పట్టుకుని, "పాపం, వీధిదాకా వచ్చిన మనిషి, చిన్నబుచ్చకూడదు."

ముగ్గురూ కలిసి గొయ్యి పూడ్చేశారు. చుక్క బయటికి రాకుండా కాళ్ళతో తొక్కి, ఖాళీ బిందె పట్టుకుని ఎమ్మెల్యే గుమ్మంలో నిలబడ్డారు.

"కన్నం తెద్దామంటే మధ్యలో నీళ్ళు అడ్డొచ్చాయి బాబూ," అన్నాడు పోలినాయుడు చేతులు కట్టుకుని. "మీరేం కంగారు పడకండి, కప్పెట్టేశాం. మీరు నెమ్మదిగా ఇప్పించండి."