పెద్దక్క పేరు

అనగనగా ఒక వరిచేను. ఆ చేనికి ఒక గట్టు. గట్టులో ఒక కన్నం. ఆ కన్నంలో గరిక అనే ఆడ ఎలుక, దుబ్బయ్య అనే మగ ఎలుక కాపురముండేవారు.

చేను తొలి కంకి వేసిన నాడే వాళ్లకు తొలి బిడ్డ పుట్టింది. ఒక్కతే ఆడపిల్ల. కంకి అని పేరు పెట్టుకున్నారు.

ఆ ముద్దు చూడాలి! కంకి తుమ్మితే చాలు, దుబ్బయ్య మేతకు వెళ్లేవాడు కాదు. గరిక వడ్లగింజ పొట్టు ఒలిచి, మెత్తగా కొరికి మరీ నోట్లో పెట్టేది. బిడ్డను గడప దాటనిచ్చే ముందు గాలి వాసన చూసేది, గద్ద ఉందేమోనని ఆకాశం చూసేది, పాము ఉందేమోనని గడ్డి కదిపి చూసేది. పొద్దు గుంకగానే "కంకీ, లోపలికి రామ్మా!" అని పిలిచేది. బిడ్డ ఒళ్లోకి చేరాకే దుబ్బయ్య కన్నానికి మట్టి అడ్డం పెట్టేవాడు. అదే వాళ్ల తలుపు.

రెండో కాన్పులో నలుగురు మగపిల్లలు పుట్టారు. గరికకు తీరిక తగ్గింది. "నువ్వు పెద్దదానివి కదమ్మా, తమ్ముళ్లకు నువ్వే ఒలిచి పెట్టు," అంది. కంకి పళ్లు ఇంకా గట్టిపడనే లేదు. అయినా ఒలిచి పెట్టింది.

మూడో కాన్పుకు కన్నం కిక్కిరిసిపోయింది. కాలు పెడితే ఒకరి తోక, చెయ్యి చాపితే ఒకరి చెవి. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో అమ్మకు తెలియదు, నాన్నకు అసలే తెలియదు. ఎవరు తుమ్మినా "అదే తగ్గుతుందిలే" అనేవారు. ఇప్పుడు గాలి వాసన చూసేది కంకి. ఆకాశం చూసేదీ, గడ్డి కదిపేదీ కంకే. సాయంత్రం పిల్లలను లోపలికి తోలి, అందరికంటే ఆఖరున వచ్చేదీ కంకే. ఆ పేరు కూడా ఎవరి నోటా లేదు. అమ్మానాన్నలకు పెద్దమ్మాయి, పిల్లలకు పెద్దక్క, అంతే.

వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు పిల్లలూ. అలిసిపోయారు. కానీ ఆ అలసటంతా తెచ్చి ఒక్క పిల్ల నెత్తిన పెట్టారు.

ఒకనాడు కంకి కాలికి తుమ్మముల్లు దిగింది. "అమ్మా, ముల్లు తియ్యవే," అంది.

గరిక చిన్నవాళ్ల ఒళ్లు నాకుతోంది. "పెద్దదానివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా? తర్వాత తీస్తాలే," అంది.

ఆ సాయంత్రమే గట్టు మీదికి పాము వచ్చింది.

దాని వాసన ముందుగా కంకికే తగిలింది. "లోపలికి పదండి!" అని అరిచింది. పిల్లలంతా బిలబిలమంటూ కన్నంలో దూరారు. అందరికంటే చిన్నది, గింజ అనే పిల్ల, గట్టు చివర ఆడుకుంటోంది. కంకి కుంటుతూనే పరుగెత్తి, దాన్ని నోట కరుచుకొచ్చి కన్నంలోకి తోసింది.

"అందరూ వచ్చారా?" అని లోపల గరిక అడిగింది.

"వచ్చాం!" అన్నారు పిల్లలు.

దుబ్బయ్య గబగబా మట్టి తోసేశాడు. బయటి నుంచి మట్టిని గీరుతున్న చప్పుడైంది.

"అమ్మో, పాము! ఇంకా గట్టిగా అదుమయ్యా!" అంది గరిక. ఇద్దరూ కలిసి మట్టి అదిమారు.

"అమ్మా" అని ఒక్క కేక వేస్తే ఆ తలుపు తెరుచుకునేదే. కానీ తెరిస్తే కంకి వెనకాలే పాము కూడా లోపలికి వస్తుంది. కంకి పెద్దది కదా, ఓర్చుకుంది. మళ్లీ చప్పుడు కాలేదు.

తెల్లవారింది. పిల్లలు ఆకలని ఏడుపు లంకించుకున్నారు.

"పెద్దమ్మాయ్, గింజలు ఒలిచి పెట్టు," అంది గరిక. "ఇంకా నిద్రేనా? ఎక్కడ పడుకుందిది?" అంటూ లేచింది. లేచి నిలబడిపోయింది. తన పెద్దకూతురు రోజూ ఎక్కడ పడుకుంటుందో ఆ తల్లికి తెలియలేదు.

"పెద్దక్క తలుపు దగ్గర పడుకుంటుందమ్మా, మాకు చలిగాలి తగలకుండా," అంది గింజ.

తలుపు దగ్గర ఎవరూ లేరు. గరిక మట్టి తవ్వింది. బయటి వైపు గోళ్లతో గీరిన గీతలున్నాయి. వాటి కింద తుమ్మముల్లు రాలి పడి ఉంది.

గరిక గుండెలు బాదుకుంటూ చేనంతా తిరిగింది. "కంకీ! కంకీ! లోపలికి రామ్మా!" అని గొంతు పోయేదాకా పిలిచింది.

వెనకాలే వచ్చిన గింజ అమ్మ తోక పట్టుకుని అడిగింది: "కంకి ఎవరమ్మా?"

దుబ్బయ్య తల దించుకున్నాడు. గరిక గట్టు మీద కూలబడి ఏడ్చింది.

పిల్లలూ, ఈ నీతి మీకంటే ముందు మీ అమ్మానాన్నలు వినాలి: ఇల్లు ఎంతమందితో నిండినా, మొదట పుట్టిన బిడ్డ కూడా బిడ్డే.